మార్త టీచరమ్మ కన్నడం నేర్చుకున్న ఏడాది

మార్త టీచరమ్మది వికారాబాద్ పక్కన ఒక చిన్న ఊరు. తండ్రి మత్తయ్య పటేండ్ల చేలలో కూలి చేసేవాడు. బిడ్డను వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో వేసి, సంతకు వచ్చినప్పుడల్లా కంచె బయట నిలబడి చూసి పోయేవాడట. ఆ బిడ్డ చదువుకుని, ట్రైనింగ్ పూర్తిచేసి, యాభై ఏడులో తాండూరు ప్రాథమిక పాఠశాలకు వచ్చింది. అదే ఆమెకు మొదటి ఉద్యోగం, అదీ టెంపరరీ. సన్నగా, పొడుగ్గా ఉండేది. బడికి ముందే వచ్చినా ఆలస్యమైనట్టే గబగబా నడిచేది.

అదే జూన్‌లో మా బిడ్డ బుగ్గి ఆమె దగ్గర ఒకటో తరగతిలో చేరింది.

అంతకు ముందు ఏడే తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి తెలుగు రాష్ట్రంలో కలిసింది. మా ఇంట్లో మాత్రం అన్నీ కలిసే ఉండేవి. మాది గొర్రెల మంద ఉన్న కుటుంబం. మా అమ్మ జంగమ్మ సేడం వైపు పుట్టింది. ఆమెకు కన్నడం తప్ప మరొకటి సరిగా రాదు. నా భార్య హన్మమ్మ నాకు మేనమామ కూతురే అయినా కొడంగల్‌లో పెరిగింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది. నేను ఉర్దూలో చదువు మొదలుపెట్టి, హైదరాబాదులో బీ.ఎస్సీ. చేసి, తాండూరు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. బుగ్గి మాత్రం పుట్టినప్పటి నుంచి వాళ్ల అవ్వ ఒడిలోదే. మేకపిల్లతో మాట్లాడినా, కలలో కలవరించినా కన్నడమే.

బడి తెరిచిన కొద్ది రోజులకు టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. కన్నడం మాట్లాడే ఇళ్లన్నింటికీ తిరుగుతున్నానని చెప్పింది.

"సార్, ఇంట్ల జర తెలుగే మాట్లాడుండ్రి. ముసలామెకు గుడ చెప్పుండ్రి. పిల్ల ఉరికురికి నేర్చుకుంటది. లేకుంటె రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్లైతది."

చెప్పిన తీరులో ఎంత శ్రద్ధ ఉందంటే కాదనాలని ఎవరికీ అనిపించలేదు. హన్మమ్మ సరేనంది. మా అమ్మ అర్థం అయినంత వరకు తల ఊపింది.

బుగ్గి మొదట బడిలో మాట్లాడలేదు. కొత్త కదా అనుకున్నాం. వానలు ముదిరేసరికి ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. బతుకమ్మ పండుగ నాటికి పూర్తిగా ఆగిపోయాయి. నీళ్లు కావాలంటే కుండ దగ్గర నిలబడేది. దెబ్బ తగిలితే చప్పుడు లేకుండా కళ్లలో నీళ్లు పెట్టుకునేది.

సైన్సు చదివిన వాడికి భయం కూడా క్రమపద్ధతిలోనే వస్తుంది. మొదట చెవులనుకున్నాను. హైస్కూలు లాబొరేటరీ నుంచి శృతిదండం తెచ్చి, బుగ్గి ఆడుకుంటుంటే వెనకనుంచి మోగించాను. వెంటనే తల తిప్పింది. చెవులు బాగున్నాయి. అయితే లోపం మెదడులో ఉండాలి. రెండేళ్లప్పుడు వచ్చిన జ్వరం గుర్తుకొచ్చింది. ఆ మీదట మేనరికం గుర్తుకొచ్చింది. పదో తరగతి పిల్లలకు బఠానీ మొక్కలతో వంశపారంపర్యం బోధిస్తూ బోర్డు మీద గీసిన గళ్లలో, రెండు వైపుల లోపమూ వచ్చి కలిసే గళ్లో సుద్దముక్క ఆపి అలాగే నిలబడిపోయాను. ఆ గళ్లో నాకు మా బిడ్డ కనిపించింది. పిల్లలు ఏమయిందో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పెద్ద డాక్టరుకు చూపిద్దామని హైదరాబాద్ రైలెక్కాం. వికారాబాద్ స్టేషన్లో బుట్టల నిండా సీతాఫలాలు అమ్ముతున్నారు. పోయిన ఏడు అదే చోట బుగ్గి కిటికీలోంచి అరిచిన అరుపుకు పెట్టెలో వాళ్లంతా నవ్వారు. ఈసారి కిటికీ ఊచ పట్టుకుని పండ్ల వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ పండ్ల వైపు చూసింది. నేను కొనలేదు. ఒక్క మాట అడుగుతుందేమోనని కాచుకున్నాను. రైలు కదిలింది. హన్మమ్మ నా ముఖం చూడకుండా బిడ్డను దగ్గరికి లాక్కుంది.

డాక్టరు గొంతు, నాలుక, చెవులు చూసి, "ఏ లోపమూ లేదు, ఆగి చూడండి" అన్నాడు. లోపం ఉందంటే దానికి ఒక పేరుండేది. లేదన్నాక నా భయానికి ఆనడానికి గోడ కూడా లేకుండా పోయింది.

తిరిగి వచ్చిన మర్నాడు ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు దేవప్ప కబురు పెట్టాడు. చెడ్డవాడు కాదు, బడికి మంచి పేరు రావాలని తాపత్రయం.

"సార్, సైన్సు సదివినోళ్లు, మీకు నేను చెప్పాల్నా? గీ పిల్ల మాట్లాడదు. పెద్ద పరీక్షల నాడు నేనే పిలిచి లెక్క చెప్పమంట. నోరు తెరవకుంటె పేరు కొట్టేసుడే. పట్నంల మూగపిల్లల బడి ఉన్నది, ఆడ ఏసుకోండ్రి."

"మూగది కాదు సార్. మాట్లాడేది."

"మాట్లాడేది అంటరు. నేనైతె ఒక్కమాట ఇనలే."

ఆ రోజు నుంచి నాకు ఒకటే దృశ్యం కనిపించేది. పట్నంలో ఎత్తయిన గేటు, లోపల చేతులతో సైగలు చేసుకునే పిల్లలు, వాళ్ల మధ్య చక్కగా చెవులు వినిపించే మా బుగ్గి, ఎవరి సైగలూ అర్థం కాక, అవ్వ లేక. మాటలు వస్తాయని హన్మమ్మ తేనెలో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. బజారులో ఎవరో "ఊరందరికి పాఠాలు జెప్తడు, సొంత బిడ్డకు మాటలు లేవట" అనడం నా చెవినపడింది. నేను ఆ వీధి మానేసి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం నాకు పీరియడ్ లేక, దిగులాగక, ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. వరండాలో మార్త టీచరమ్మ స్తంభం చాటున నిలబడి ఉంది. నన్ను చూసి మాట్లాడవద్దని చెయ్యి చూపించింది. ఎదురుగా చింతచెట్టు నీడలో మా అమ్మ బుగ్గికి అన్నం తినిపిస్తోంది. ముద్ద చేస్తుంది, నోట్లో పెడుతుంది. మళ్లీ ముద్ద. ఇద్దరిలో ఎవరి పెదవీ కదలలేదు. పక్కన మిగతా పిల్లల అరుపులు, వీళ్లిద్దరి చుట్టూ మాత్రం ఏమీ లేదు.

టీచరమ్మ వెళ్లి మా అమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, పిల్లతోని మాట్లాడవేంది?"

మా అమ్మ బెదురుగా నా వైపు చూసి, వచ్చీరాని తెలుగులో అంది: "నువ్వే గదమ్మా తెలుగు మాట్లాడుమన్నవ్. నాకు రాదు. తప్పు మాట నేర్పితే పిల్ల ఆగమైతది. అందుకే ఊకున్న."

టీచరమ్మ లేచి నన్ను గేటు దాకా సాగనంపుతూ మాట్లాడింది.

"నలభై ఎనిమిది దాకా మా హాస్టల్ల అందరం ఉర్దూలనే చదువుతుంటిమి సార్. ఆరేండ్లు గోడకు ఒరిగి కూసున్న పిల్లలుండిరి, మొద్దులనుకుంటిమి. పోలీస్ యాక్షన్ అయి నైజాం పోయినంక తెలుగు పంతులమ్మ వచ్చింది. మరుసటేడు ఆ మొద్దులే లేచి పద్యాలు చెప్పిండ్రు. తెలుగుల అంత బలమున్నదనుకున్న. బలం తెలుగుది కాదు సార్, ఇంటి మాటది. గా మాట బడికొచ్చిందని మేం లేచినం. ఈడ నేను బడి మాటను ఇంటి మీదికి తోలిన. పిల్లది ఒక్కదాని నోరే కాదు, ముసలామె నోరు గుడ కట్టేసిన."

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"నాకు తెల్వది. భయమైతుంది."

తెలిసిన వాళ్లెవరైనా ఉంటారని అంతవరకు ఎక్కడో ఆశ ఉండేది.

ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చింది. అరుగు మీదే కూర్చుంది. ఆ రోజుల్లో క్రైస్తవ కూలీల ఇంటి పిల్లను మా అమ్మ లోపలికి రమ్మనదు, ఆమె కూడా రాదు. "అవ్వా, నాకు కన్నడం నేర్పు" అంది. మా అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోనే అడిగింది.

"నీకెందుకే తల్లీ కన్నడం? పెండ్లి సేడంల కుదిరిందా ఏంది?"

"కుదిరితె నువ్వే ముందుగాల తినాలె లడ్డు. నేర్పు."

అప్పటి నుంచి బడి విడిచాక దాదాపు రోజూ వచ్చేది. ఇద్దరూ పది గులకరాళ్లు పరిచి ఒక్కొక్కటే జరిపే ఆట ఆడేవాళ్లు. మా అమ్మ కన్నడంలో లెక్కపెడితే టీచరమ్మ వెంట అనేది. నాలుక తిరిగేది కాదు. సగంలో తెలుగు దూరేది. మా అమ్మ ఆమె తలమీద మొట్టి మళ్లీ మొదటినుంచి చెప్పించేది. ఇన్ని నెలల తర్వాత మా ఇంట్లో మా అమ్మ గొంతు పెద్దగా వినిపించింది. బుగ్గి తలుపు సందులోంచి చూసేది. ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఒక వాన సాయంత్రం జల్లు అరుగు మీదికి కొడుతుంటే మా అమ్మ చటుక్కున టీచరమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఆట నట్టింట్లో సాగింది. బుగ్గికి పక్కకు తప్పుకునే చోటు లేక వాళ్ల మధ్యనే కూర్చుంది.

నేను మాత్రం ఉండబట్టలేక టీచరమ్మ కనిపించినప్పుడల్లా "ఏమైనా మాట్లాడిందా?" అని అడిగేవాణ్ణి. ఒకరోజు ఆమె విసుక్కుంది.

"సార్, రోజు గట్ల తూకమేసినట్టు చూస్తె పిల్లకు తెలుస్తది. మీ ముఖం జూస్తె నాకే మాట రాదు, ఇగ ఐదారేండ్ల పిల్లకు వస్తదా?"

బడిలో ఆమె ఏం చేస్తోందో పక్క తరగతి పంతులు నర్సప్ప చెప్పేవాడు. బుగ్గిని ప్రశ్న అడగడం మానేసిందట. సుద్దముక్కలు పంచే పని ఇచ్చిందట. మా వైపు బండ గనుల నుంచి వచ్చిన నాపరాళ్లే ఆ బడి నేల. పలక మీద కాకుండా ఆ బండల మీద పెద్ద పెద్ద అంకెలు రాయనిచ్చి, రాసినన్ని రాళ్లు వాటి మీద పేర్చమని వచ్చీరాని కన్నడంలోనే చెప్పేదట. పిల్లలు "టీచర్, బుగ్గికి మాటలు రావు" అంటే, "వస్తయి. చెప్పబుద్ధైనప్పుడు చెప్తది. నువ్వు నీ లెక్క చూస్కో" అనేదట. నర్సప్ప ఇంకొకటి కూడా చెప్పాడు: తెలుగు బడిలో కన్నడం ఏమిటని దేవప్ప గట్టిగా మందలించాడని, టెంపరరీ ఉద్యోగమని గుర్తు చేశాడని. ఇప్పుడు నా భయానికి ఆమె ఉద్యోగం కూడా తోడయింది.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. బుగ్గి రెండుసార్లు పైకి నవ్వింది. టీచరమ్మ రాళ్లు తప్పు లెక్కపెడితే ఆమె చెయ్యి పట్టుకుని ఆపేది. మాట మాత్రం లేదు.

పరీక్ష నాడు నేను సెలవు పెట్టి తరగతి కిటికీ బయట నిలబడ్డాను. మా అమ్మ గేటు దగ్గరే కూర్చుండిపోయింది. లోపల దేవప్ప కుర్చీలో, పక్కన టీచరమ్మ నిలబడి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెప్పి పోతున్నారు. బుగ్గి పేరు పిలిచాడు. నడిచి వచ్చింది.

"నీ పేరేంది బిడ్డా?"

లేదు.

"సరే, పది దాకా ఒంట్లు చెప్పు."

లేదు. బుగ్గి గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. ఆ వేలు తెల్లబడటం నాకు కిటికీలోంచి కనబడింది. దేవప్ప కలం అందుకున్నాడు. ఆ ఎత్తయిన గేటు మళ్లీ నా కళ్ల ముందుకొచ్చింది.

"సార్, జర ఆగుండ్రి," అంది టీచరమ్మ. బండ మీద కూర్చుని రాళ్లు పరిచింది. బుగ్గి వైపు చూడలేదు. రోజూ మా ఇంట్లో పెట్టినట్టే ఒక్కొక్క రాయి జరుపుతూ లెక్కపెట్టింది. "ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు..." తడబడింది. "ఎనిమిది..."

"ఎంటు!"

చిన్న గొంతే. కొంచెం బొంగురుపోయి ఉంది. బుగ్గి వంగి ఆమె చేతిలోంచి రాయి లాక్కుంది. "ఎంటు, ఒంబత్తు, హత్తు," అని మూడు రాళ్లూ పక్కకు జరిపి, ఇంత పెద్దదానివి నీకింకా రాదా అన్నట్టు టీచరమ్మ ముఖంలోకి చూసింది.

దేవప్ప రాళ్ల వైపు చూశాడు.

"గిది తెలుగు బడమ్మా," అన్నాడు చివరికి.

"అవును సార్. లెక్క తప్పిందా?"

ఆయన మళ్లీ చూశాడు. "తప్పలే."

"మరి పేరు కొట్టేస్తరా?"

"రెండో తరగతికి పంప. ఇంకో ఏడు ఈడనే కూసోనీ." కలం మూత పెట్టాడు. "మూగది కాదు. నా చెవులతోని విన్న. పేరు ఉండనీ."

టీచరమ్మ నేల మీద చేతులు ఆనించి కూర్చుంది. బుగ్గి రాళ్లు ఏరి గౌనులో పోసుకుని బయటికి పరుగెత్తింది.

గేటు దగ్గర మా అమ్మ కన్నడంలో అడిగింది, లోపల ఏమయిందని. బుగ్గి ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ మొదలుపెట్టింది. సగం కన్నడం, సగం తెలుగు. పెద్దసారుకు మీసాలున్నాయట. టీచర్‌కు లెక్క రాలేదట. రాళ్లన్నీ ఇప్పుడు తనవేనట. మా అమ్మ "ఊఁ, ఊఁ" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు ముందుకు పోయి బుగ్గిని ఎత్తుకోవాలని ఉంది. కాని నన్ను చూస్తే ఆగిపోతుందేమో. చెప్పుల చప్పుడు వినపడుతుందేమోనని వాటిని విప్పి చేత్తో పట్టుకుని, కాలుతున్న దారిలో ఇల్లు చేరేదాకా వాళ్ల వెనకే నడిచాను.