తగినంత గారికి ఏడు గారెలు

ఆ రోజుల్లో అలిసిపోవడం కూడా ఒక అర్హతే అనుకునేదాన్ని. ఇప్పుడు అలిసిపోవడానికి కూడా ఓపిక లేదు కాబట్టి కూర్చుని నిదానంగా చెబుతాను, మీరూ కూర్చునే వినండి. మేం సిడ్నీ వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ద పాండ్స్ అనే పేటలో అద్దె ఇల్లు, రౌస్ హిల్ దాకా బస్సు, అక్కణ్ణుంచి కొత్తగా వేసిన మెట్రో, ఆ మెట్రో దిగితే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆర్నెల్ల ప్రొబేషన్ మీద నా ఉద్యోగం. ఆర్నెల్లూ గడిచి పర్మనెంట్ చేస్తే కంపెనీయే మా వీసాకి స్పాన్సర్ చేస్తుంది, చెయ్యకపోతే పెట్టెలు సర్దుకోవాలి. మా ఆయనకి అప్పటికింకా ఉద్యోగం దొరకలేదు (దొరకలేదు అనకూడదట, వెతుకుతున్నాను అనాలట, సరే). అంచేత ఇంటి భారమంతా నా ఆర్నెల్ల మీదే ఉంది. నేను ఏడింటికల్లా ఆఫీసులో ఉండేదాన్ని. అందరూ వెళ్ళాక లైట్లు ఆర్పి వచ్చేదాన్ని. శని ఆదివారాల్లో ఎవరూ అడగని పనులు కూడా చేసి, సోమవారం పొద్దుటికి అందరి ఇన్‌బాక్సుల్లో పడేసేదాన్ని. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూసేదాన్ని. ఎవరూ మెచ్చుకునేవారు కాదు. చేసింది చాల్లేదు కాబోలనుకుని ఇంకొంచెం పెంచేదాన్ని.

మా బాసుది స్వీడన్. పొడుగ్గా, నెమ్మదిగా, మాట మాటకీ మధ్య మనం టీ తాగి రావచ్చు అన్నట్టు మాట్లాడే మనిషి. పొద్దున పదింటికీ, మధ్యాహ్నం మూడింటికీ అందరినీ కుర్చీల్లోంచి లేపి కాఫీకి తీసుకెళ్ళేవారు. దానికి వాళ్ళ భాషలో ఫీకా అని పేరు. కాఫీ, దాంతో దాల్చినచెక్క వేసిన బన్ను ఒకటి, ఒకటే. ఆ పావుగంట పని మాట ఎత్తకూడదు. నేను కప్పు పట్టుకుని నిలబడి, ఈపాటికి ఎన్ని టెస్టులు పూర్తయ్యేవో అని లోపల్లోపల ఏడ్చేదాన్ని. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, లాగోమ్. కాఫీలో పాలెన్ని అంటే లాగోమ్, ఏసీ ఎంత పెట్టాలంటే లాగోమ్, రిపోర్టు ఎన్ని పేజీలంటే అదీ లాగోమే. మరీ ఎక్కువ కాదు, మరీ తక్కువా కాదు, సరిపడా అన్నమాట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "వంటల పుస్తకంలో ఉప్పు తగినంత అని రాస్తారే, అదేగా" అన్నారు. ఆ రోజునుంచి మా ఇంట్లో మా బాసు పేరు తగినంత గారు. (పెళ్ళయిన కొత్తలో ఆ తగినంత అంటే ఎంతో తెలీక నేను చేసిన పప్పుచారు సంగతి కూడా మా ఆయన అదే ఊపులో గుర్తు చేశారు. అది ఇక్కడ అనవసరం.)

ప్రొబేషన్ రివ్యూ మంగళవారం ఉందనగా, ముందటి ఆదివారం తగినంత గారిని భోజనానికి పిలిచాను. అప్పుడు కోనసీమనుంచి మా అత్తయ్య వచ్చి మా దగ్గరే ఉన్నారు. విషయం చెప్పాను, "అత్తయ్యా, నా ఉద్యోగం ఉండాలా ఊడాలా అన్నది ఆయన చేతిలో ఉంది" అని. "అలాగా, అయితే చేతిలో గారె పెడదాం లే అమ్మాయ్" అని ఆవిడ శనివారం పొద్దున్నే మినప్పప్పు నానబోశారు. పులిహోర, గుత్తివంకాయ, కోడి వేపుడు, పప్పు, దప్పళం, ఆవకాయ, గారెలు, బూరెలు. ముగ్గురం పనివాళ్ళం, తినేవాడు ఒక్కడు.

చెప్పిన టైముకి నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చారు. చేతిలో చిన్న పూలకుండీ. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పారు (వాళ్ళ దేశంలోనూ అంతేనట). అత్తయ్య అక్కడే కరిగిపోయారు. "చూశావా, పెద్దింటి పిల్లాడు. ఇలాంటివాడికి కడుపునిండా పెట్టకపోతే పాపం తగులుద్ది" అన్నారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కంచంలో ఏదైనా వదిలేస్తే వండినవాళ్ళని అవమానించినట్టని నేర్పి ఆయన్ని పెంచారు. ఖాళీ కంచం చూసి వడ్డించకపోతే వచ్చినవాళ్ళని అవమానించినట్టని నేర్పి మా అత్తయ్యని పెంచారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఆయన గారె పూర్తి చేసేవారు, ఈవిడ ఇంకోటి వేసేవారు. ఆయన దాన్నీ పూర్తి చేసి, వేళ్ళు కూడా తుడుచుకుని, "చాలా బాగుంది, థాంక్యూ, ఐ యామ్ ఫుల్" అనేవారు. "మొహమాటపడుతున్నాడు" అని ఈవిడ ఇంకోటి వేసేవారు. మా వైపు మొదటి మూడు వద్దులూ లెక్కలోకి రావు. నాలుగోది నిజమో కాదో మొహం చూసి తేలుస్తారు. ఆయన మొహం పుట్టుకతోనే పాలిపోయినట్టుంటుంది కాబట్టి దాన్ని చూసి తేల్చడం మా వల్ల కాలేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆయనకి ఇబ్బందిగా ఉందని నాకు మూడో గారె దగ్గరే తెలిసింది. కానీ ఆయన తిన్న ప్రతి గారే నా ఉద్యోగాన్ని ఇంకాస్త గట్టిపరుస్తోందని నాకో పిచ్చి నమ్మకం. అత్తయ్య నా వైపు చూసినప్పుడల్లా, వెయ్యండి వెయ్యండి అని కళ్ళతో సైగ చేశాను. "ఆపవే అమ్మా, ఆయనకి చెమటలు పడుతున్నాయి" అన్నారు మా ఆయన. "ఆవకాయ తిన్నాడు కదరా, పట్టవూ మరి" అన్నారు అత్తయ్య. ఏడు గారెలయ్యాయి. అప్పుడు బూరెలు వచ్చాయి. అత్తయ్య బూరెకి వేలితో చిల్లు పెట్టి, అందులో నెయ్యి పోసి, "ఇది తింటేనే భోజనం అయినట్టు బాబూ, ఆయ్" అన్నారు. తగినంత గారు ఆ నెయ్యి వంక చాలాసేపు చూశారు. తర్వాత మెల్లిగా నా వైపు వంగి, "దీన్ని ఆపడానికి ఏదైనా పద్ధతి ఉందా" అని అడిగారు. నేను నవ్వేసి, "అదేం లేదు, మీరు ఎంజాయ్ చెయ్యండి" అన్నాను. ఆయన నాలుగు బూరెలు తిన్నారు.

సోమవారం ఆయన ఆఫీసుకి రాలేదు. ఒంట్లో బాగోలేదని టీమ్‌కి మెయిల్ వచ్చింది. మంగళవారమూ రాలేదు, రివ్యూ గురువారానికి జరిగింది. నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. చేతులారా బాసుని పడుకోబెట్టాను. "దిష్టి తగిలుంటుంది, అంత పొడుగు మనిషి" అని అత్తయ్య ధైర్యం చెప్పారు. ఏం చెయ్యాలో తోచక, నాకు తెలిసిందే నేను చేశాను. ఆర్నెల్లలో చేసిన ప్రతి పనీ రాసి, బొమ్మలు పెట్టి, నలభై పేజీల రిపోర్టు తయారుచేశాను.

గురువారం ఆయన పాలు లేని టీ కప్పుతో వచ్చి కూర్చున్నారు. నేను నలభై పేజీలూ ముందు పెట్టాను. ఆయన వాటివైపు సరిగ్గా ఆ నెయ్యి వైపు చూసినట్టే చూశారు. అయినా ఆయన మనిషే అంత, ముందు పెట్టింది వదలరు. చివరి పేజీ దాకా తిప్పి, మూసి, మెల్లిగా మొదలుపెట్టారు. "ఆదివారం మీ ఇంట్లో నాకు ఆఫీసులో సమస్య ఏమిటో అర్థమైంది. మీరు శని ఆదివారాల్లో పంపించే పని చూసి సరిచెయ్యడానికి మిగతా నలుగురికీ సోమవారం అంతా పడుతుంది. వాళ్ళు అది పూర్తి చేసేసరికి మీరు మళ్ళీ వడ్డిస్తారు. వాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనరు. ఒకతను మాత్రం వేరే టీమ్‌కి వెళ్ళిపోతానని అడిగాడు." నేను నలభై పేజీలూ నా వైపు లాక్కున్నాను. "మీ పని మంచిది. మీ గారెలూ మంచివే. కానీ ఇవాళ మిమ్మల్ని కన్ఫర్మ్ చెయ్యలేను. ఇంకో మూడు నెలలు చూద్దాం. ఒక్కటే షరతు, ఐదింటికి లాప్‌టాప్ మూసి ఇంటికి వెళ్ళాలి."

మెట్రోలో రౌస్ హిల్ దాకా ఏడుస్తూనే వచ్చాను. ఎక్కువ పని చేసినందుకు ఉద్యోగం ఆగిపోయిన మనిషిని మా వంశంలో ఎవరూ చూసి ఉండరు. ఇంట్లో చెబితే మా ఆయన తల పట్టుకున్నారు. అత్తయ్య మాత్రం నింపాదిగా విని, "మనవాళ్ళయితే చాలనుకున్నప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. పాపం, ఆయనకా పద్ధతి తెలీదు. అడిగాడు కూడానట, నువ్వే లేదన్నావ్" అన్నారు. నా నెత్తి మీద చెయ్యేసి, "నీకు తెలుసు కదమ్మా. నీ విస్తరికి నువ్వెప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకోవేం" అన్నారు. ఇంకా కాస్త ఏడ్చాను, ఈసారి ఉద్యోగం కోసం కాదు.

ఆ మూడు నెలలూ ఐదింటికి ఇంటికి రావడమంత కష్టమైన పని నేనింకోటి చెయ్యలేదు. వెలుతురుండగానే బస్సు దిగడం సిగ్గనిపించేది, స్కూలు ఎగ్గొట్టిన పిల్లలా. ఏం చెయ్యాలో తెలీక ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేదాన్ని. మొదటి వారం మా ఇంటి దగ్గరి చెరువు చుట్టూ నడుస్తూ కూడా ఫోనులో మెయిళ్ళు చూస్తుంటే అత్తయ్య ఫోను లాక్కుని కొంగున ముడేసుకున్నారు. రెండో నెలకి రాత్రి నిద్రపట్టడం మొదలైంది. మూడో నెల చివర ఫీకాలో తగినంత గారు నా బన్ను పక్కన కాయితం పెట్టారు, కన్ఫర్మేషన్. ఎన్ని పేజీలనుకున్నారు, ఒకటే. సంతోషం పట్టలేక మళ్ళీ భోజనానికి రమ్మన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కాఫీకి వస్తాను" అన్నారు.

ఆయన స్వీడన్ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు నా కింద ఆరుగురున్నారు, ఇంట్లో ఆరేళ్ళ కూతురుంది, నేర్చుకున్నదంతా ఎక్కడ పెట్టానో గుర్తులేనంత అలసట ఉంది. మొన్న సాయంత్రం వెలుతురు పోకముందే పాప వచ్చి పార్కుకి వెళ్దామంది. "ఇంకొక్క మెయిల్ రా బంగారం" అన్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అన్నాను. మూడోసారి ఏమీ అనకుండా నా పక్కన నిలబడి కీబోర్డు మీద చెయ్యి అడ్డంగా పరిచింది. ఇదెవరు నేర్పారే అంటే, "నానమ్మ టోల్డ్ మీ, వీడియో కాల్‌లో. నువ్వు స్టాప్ అవ్వకపోతే ఇలా చెయ్యమంది" అంది.

చిన్న చెయ్యి, సగం కీబోర్డు కూడా కప్పలేదు. నలభై పేజీలు ఒళ్ళో పెట్టుకుని మెట్రోలో ఏడ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది. మిగతా సగం మీద నా చెయ్యి పెట్టాను.