సిగ్గుపడే వయసు

మొన్న మా మనవరాలు కళాశాలకోసం రాసుకున్న వ్యాసమొకటి నాకు చదివి వినిపించింది. ప్రాచీన గ్రీకులూ చైనీయులూ సిగ్గును గురించి ఏమి తలపోశారన్నది విషయం. చిరకాలం బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కాలనిర్ణయం లేని తత్త్వం నాకు గిట్టదు; అందుకని ఎప్పటివాళ్లని మొదటే అడిగాను. వ్యాసంలోని ఇద్దరు పండితులదీ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దమేనని చెప్పిన తర్వాతే చెవి ఒగ్గాను. సిగ్గు ప్రతి మనిషిలోనూ ఉండే మొలక అనీ, దాన్ని పెంచుకుంటే న్యాయబుద్ధి అవుతుందనీ చైనా పండితుడి మతం. గ్రీకు పండితుడేమో అది కుర్రవాళ్లకే అందమన్నాడు. వయసు మళ్లినవాడికి శోభించదట, ఎందుకంటే సిగ్గుపడవలసిన పని అతడు చేయనే కూడదు.

"ముసలోళ్లకు సిగ్గు అక్కర్లేదంట, చూడవ్వా!" అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ సూత్రంలో, ముసలివాడికి సిగ్గు వద్దన్న మొదటి సగాన్ని మా పెదనాన్న గ్రీకు వాసన తగలకుండానే జీవితమంతా ఆచరించి చూపాడు.

మాది పావగడ తాలూకాలో బలసముద్రానికి అవతలి పల్లె. గొర్రెల మీద బతికే కుటుంబాలు. మైసూరు మహారాజుగారి ఏలుబడి. పొలిమేర దాటితే మద్రాసు రాజ్యం. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న కాలమని మాత్రం చెప్పగలను. సంవత్సరం నిర్ధారించే కాగితం నా వద్ద లేదు కనుక అంకె వేయను. అగ్గిపెట్టె అపురూపమైన ఆ రోజుల్లో తెల్లవారగానే కుండపెంకు పట్టుకుని, పక్కింటి పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తెచ్చుకోవడం నా ఈడు ఆడవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఊరు ఎవరికైనా సిగ్గు నేర్పదలచుకుంటే కొట్టదు, తిట్టదు. ఆ పెంకును ఖాళీగా తిప్పి పంపుతుంది.

ఆ శిక్ష మా మేనత్తకు పడింది. భర్త పోయాక ఆమె మా పక్క గుడిసెలో ఒంటరిగా ఉంటూ ఊరి మంద కాసేది. అమ్మవారికి వదిలిన ఒంటికొమ్ము పొట్టేలు ఆ మందలోంచి మాయమైంది. ఊరిపెద్ద మా పెదనాన్న, అంటే ఆమె సొంత అన్న. కంబళి పరిచి, తోటి పెద్దలను దాని మీద కూర్చోబెట్టుకుని, పొట్టేలును ఆమే అమ్ముకున్నదని తేల్చాడు. చూసినవాడు లేడు, కొన్నవాడు లేడు. అలాంటి లెక్క నా తరగతిలో ఎవరు చేసినా సున్నా వేసేదాన్ని. కంబళి ముందు నిలబడి తప్పైందని ఒప్పుకుంటే నిప్పు ఇప్పిస్తామన్నారు.

"ఆడదానికి సిగ్గుండాల," అన్నాడు పెదనాన్న.

"ఉండాదన్నా. అందుకే చెయ్యని దానికి తప్పైందనను," అన్నది అత్త.

ఆమెకోసం నేను పెంకు పట్టుకుని గడపగడపకూ తిరిగాను. మా అమ్మ సైతం, పొయ్యి ఎర్రగా మండుతుండగానే, లేదని మొహం తిప్పుకున్నది. చివరకు అత్త మా పెద్దల మాట చెల్లని మద్రాసు వైపు పల్లెకు నడిచివెళ్లి, కుండలో నిప్పు తెచ్చుకుని, పిడకలు పేర్చి బూడిద కప్పి, మళ్లీ దాన్ని ఆరనివ్వలేదు.

కొన్నాళ్లకు, పెద్దలు మరొకరికి సిగ్గు నేర్పే పనిలో కంబళి మీద కొలువుదీరి ఉండగా, పొలిమేర అవతలినుంచి ఒక గొర్రెల వ్యాపారి వచ్చి పెదనాన్నకు దండం పెట్టాడు.

"పెద్దప్పా, పోయినసారి ఒంటికొమ్ముది ఇచ్చినావే, అట్లాంటి పొట్టేలు ఇంగోటి ఉండాదా?"

"సభలో యాపారం మాటలేందప్పా!" అని పెదనాన్న అతణ్ణి కసిరి, కంబళి దులుపుకుని లేచాడు. విచారణ అంతటితో సరి. పెదనాన్న ఇంటికి నిప్పు ఒక్క పూటైనా ఆగలేదు; అత్త మీది తీర్పు తప్పన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ కార్తీకంలో ముసురు పట్టి ఊళ్లో పొయ్యిలన్నీ చల్లారాయి. అత్త బూడిద కింద మాత్రం నిప్పు ఉంది. అందరికంటే ముందు పెంకు పట్టుకుని వచ్చినవాడు పెదనాన్నే. ఆమె పెంకు నింపి, ఇస్తూ అడిగింది.

"ఈడికి వచ్చేకి నీకు సిగ్గు కాలేదా అన్నా?"

"సిగ్గుపడే వయసా నాది?" అని, నిప్పుకు పైపంచె అడ్డం పెట్టుకుని ఆయన దర్జాగా వెళ్లిపోయాడు.

ఎందుకిచ్చావని నేను కోపంగా నిలదీశాను. "నిప్పు పెట్టుకొని ల్యాదనేకి నాకు సిగ్గైతాది అమ్మీ," అన్నది అత్త.

కంబళి పోయి ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. వాటిమీద కూర్చుని ఎదుటివాడికి సిగ్గుండాలని చెప్పే జాతి మాత్రం చెక్కుచెదరలేదు. గొర్రెలు మేసిన బీళ్లలో సోలార్ పలకలు ఎండ కాచుకుంటున్నాయి. ప్రతి వంటింట్లోనూ లైటర్ ఉంది కనుక నిప్పు లేదని ఎవరినీ తిప్పి పంపలేరు, అది మేలే. కానీ నిప్పు అడగడానికి వచ్చే మనిషే లేని ఊళ్లో, లేదనడానికి సిగ్గుపడే మా అత్తలాంటి మనిషి ఇంకా ఉన్నదో లేదో తెలుసుకునే దారి నాకు కనబడదు.