పుట్టింటి ఈగలు

కోడలు లేని అత్త గుణవంతురాలంటారు. నేను కాపురానికి వెళ్ళేదాకా మా అత్త ఎంత గుణవంతురాలో నాకు తెలియదు కానీ, వెళ్ళిన రోజు మాత్రం చోడవరంలో మా వీధి వీధంతా వినపడేలా కేక పెట్టింది. బండిలోంచి సారెతో పాటు ఒక మట్టికుండ దిగింది మరి. దాని నిండా తేనెటీగలు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. మాడుగుల అవతల కొండవార పల్లె మాది. మా నాన్న ఇంటి వెనక కుండలు అడ్డంగా పడుకోబెట్టి ఈగల్ని పెంచేవాడు. కొండచరియలకి వేలాడే పెద్ద ఈగలు కావు, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టుకునే మన చిన్న ఈగలు. తొర్రలో పట్టు కనబడితే చాలు, జనం మంటపెట్టి పిల్లపురుగులతో సహా పిండేసేవారు. "ఇలాగయితే మన కొండల్లో ఈగన్నది మిగల్దు" అని నాన్న బాధపడేవాడు. ఎక్కడైనా తొర్రచెట్టు కొట్టేస్తున్నారని తెలిస్తే పరిగెత్తి వెళ్ళి, ఆ పట్టుని కుండలోకి మార్చి తెచ్చేవాడు. తేనె కొంచెం తీసుకుని మిగతాది వాటికే వదిలేసేవాడు. తోబుట్టువులు లేని దాన్ని, చిన్నప్పుడు నా కబుర్లన్నీ ఆ కుండల దగ్గరే. అత్తారింట్లో తోడుంటుందని ఒక కుండ నాతో పంపించాడు.

"సారెలో సలివిడి తెస్తారు, అరిసెలు తెస్తారు. ఈగల్ని తెచ్చిన గుంటని ఇప్పుడే సూస్తన్నానమ్మా!" అంది అత్త. వచ్చిన సారెని వెనక్కి పంపకూడదు కాబట్టి ఆ కుండని పశువులశాల గోడమీద పెట్టించింది. మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు.

అప్పటికే ఊళ్ళో గానుగలు ఆడుతున్నాయి. మా మామ కూడా బెల్లం వండేవాడు. చెరుకుపాలు మరిగే వాసనకి నా ఈగలు వెళ్ళి పెనంలో పడి చచ్చేవి. తెట్టుతో పాటు వాటినీ తీసి పారబోసేవారు. చూసి చూసి ఒకరోజు, "నా ఈగలు చచ్చిన బెల్లం నేను ముట్టను" అనేశాను. బెల్లం వండే ఇంట్లో కోడలు బెల్లం ముట్టకపోవడమా! తేనెతుట్టె కదిపినట్టయింది.

"పొగరు! ఒట్టి పొగరు! తిండి మానేసి ఎవుల్ని బెదిరిస్తన్నావే?" అని అత్త ఎగిరిపడింది. నేనూ తక్కువదాన్నేం కాదు. ఉగాది పచ్చడి కూడా నోట పెట్టలేదు. దానికి మాత్రం అత్త హడలిపోయింది. ఏడాది పొడుగునా ఇంటికి అరిష్టమని ఆవిడ భయం. ఆ సాయంత్రమే మామతో, "రేపట్నించి పొద్దుగూకేక పొయ్యెలిగించండి. ఈగలు గూట్లోకి ఎల్లిపోతాయి" అంది. అత్త చెప్పాక ఆ ఇంట్లో మారుమాట ఉండదు.

ఆ తర్వాత అత్త వాటిని తిట్టడం మానలేదు గానీ, బియ్యం చేట పట్టుకుని ఆ గోడ దగ్గరే కూర్చునేది. "ఏటే, మీవోళ్ళు ఇయ్యాల ఇంకా లెగనేదు?" అని నన్నడిగేది. నాకెంత సంబరంగా ఉండేదో!

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్త గడపలో ఉండకూడదు కదా, నేను పుట్టింటికి వెళ్ళాను. శ్రావణంలో తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పశువులశాల దగ్గరికి పరిగెత్తాను. కుండ ఖాళీ. గోడంతా చీమలబారు. కుండ మూతి దగ్గర ఎండిపోయిన పాకం మరక.

సంగతి నాకు వెంటనే అర్థమైంది. ముసురులో ఈగలు ఆకలితో మాడిపోతున్నాయని అత్త బెల్లప్పాకం పెట్టింది. బెల్లం వండేవాళ్ళకి ఏ ఆకలికైనా బెల్లమే గుర్తొస్తుంది. పాకానికి చీమలొచ్చాయి. చీమలు దూరిన గూట్లో ఈ ఈగలు ఒక్క పూట ఉండవు, లేచిపోతాయి.

అత్త వెనకే వచ్చి నిలబడింది. "నానెట్టిన పాకం వల్లేనేటే?" అని అడిగింది. అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"కాదత్తా. వానలకి అవి అలాగే కొండకి పోతాయి. మా నాన్న దగ్గరా అంతే" అన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి కడుపారా ఏడ్చాను. ఈగల కోసం ఏడుపేమిటని మీరు నవ్వితే నవ్వండి. ఆ ఇంట్లో నన్ను పెళ్ళికి ముందు ఎరిగున్నవి అవొక్కటే.

కార్తీకంలో, కొండల మీద వలిసెపూలు పూసే రోజుల్లో, అన్నగారింటికని చెప్పి అత్త బస్సెక్కింది. మర్నాడు పొద్దెక్కాక దిగింది. చంకలో మూతికి గుడ్డ కట్టిన కుండ. ఒక చెయ్యి బూరెలా వాచిపోయింది.

"మీ నాన్న దారిలో కనబడి ఇచ్చేడు. వొద్దంటే ఇన్నేడు కాదు" అంది. నేను సున్నం తెచ్చి చేతికి రాయబోతే కసిరింది. "నాకేటయ్యిందే? ముందు ఆటికి నీడ సూడు."

నమ్మాను. నాన్న మొండివాడే కాబట్టి నమ్మాను. ఆ ఈగలు ఆ గోడమీద చాలా ఏళ్ళు ఉన్నాయి. వాటి పిల్లపట్టులు ఊళ్ళో ఇంకో రెండు మూడిళ్ళకి కూడా వెళ్ళాయి.

అత్త పోయినప్పుడు పరామర్శకి వచ్చిన నాన్న అసలు సంగతి చెప్పాడు. పెట్టుపోతల్లో లోటు ఎత్తిచూపడానికి తప్ప మగపిల్లాడి తల్లి వియ్యంకుడి గుమ్మం ఎక్కని రోజులు. అత్త పిలవని పేరంటంగా వెళ్ళి, ఆ గుమ్మంలో నిలబడి, మా నాన్నకి చేతులు జోడించిందట.

"పాకం నానెట్టేనన్నయ్యా, తప్పు నాదే. నా మనసు కష్టపడద్దని మీ గుంట నాతో అబద్దమాడి, సాటుకెల్లి ఏడిసింది. సూడలేకపోతన్నాను. ఇంకో కుండ ఇప్పించు."