అత్తగారి మంచం కింద పంపు

బర్మాలో, పబేడాన్ పేటలో మేము అద్దెకున్న పాత భవనాన్ని కూలగొట్టి కొత్తది కడతామన్నారు. అదే ఊళ్ళో సంచౌంగ్ పేటలో మాట్లాడుకున్న గది వానలు వెలిశాక గాని ఖాళీ కాదు. ఈలోగా నేను, మా ఆయన, అత్తగారు మా పాత జపాను వ్యానులోనే కాపురం పెట్టాం. అంతకుముందు మా ఆయన అందులో యాత్రికులను పగోడాలకు తిప్పేవాడు. ఇప్పుడు వెనక సీట్లు తీసేసి, వాళ్ళమ్మ కోసం టేకు చెక్కలతో మంచం బిగించాడు. తలుపు దగ్గర స్టవ్వు, కిటికీకి నా పాత చీర. తెలిసిన వడ్రంగి తన కలప దొడ్డిలో వ్యాను నిలుపుకోనిచ్చాడు.

ఒకరోజు పొద్దున్నే వడ్రంగి వచ్చి, మధ్యాహ్నానికి దుంగల లారీ వస్తోందనీ, చోటు ఖాళీ చెయ్యాలనీ చెప్పాడు. సరేనని మా ఆయన తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది గాని అంటుకోలేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. రాత్రి ఒకరింట పడుకోవాలన్నా వార్డు ఆఫీసులో పేర్లు రాయించాల్సిన రోజులవి. సామానుతో ముగ్గురం ఎవరి గుమ్మం ఎక్కుతాం?

మా ఆయన వీధి చివరి షెడ్డు నుంచి బర్మా మెకానిక్కుని పిలుచుకొచ్చాడు. అతను కిందికి వంగి ట్యాంకు దగ్గర చెవి పెట్టాడు. తాళం తిప్పగానే లోపల సన్నగా రొద రావాలి, రాలేదు. పెట్రోలు తోసే పంపు పోయిందన్నాడు. అది ట్యాంకు లోపలే ఉంటుందట. రోడ్డు పక్కన సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకునేవాళ్ళం. అందులోని చెత్తే దాన్ని తినేసి ఉంటుందన్నాడు. కొత్త పంపు ఖరీదు కూడా చెప్పాడు. సంచౌంగ్ గది అడ్వాన్సు మొత్తం దానికే సరి. ట్యాంకు దింపే కూలి వేరు. పైగా అది ఒక రోజంతా పట్టే పని.

"ఏటంటన్నాడే?" అని మంచం మీంచి అత్తగారు అడిగింది. చెప్పాను.

ఇంతలో మెకానిక్ లోపలికి తొంగి చూసి చాప అంచు ఎత్తాడు. ఈ రకం బండికి ట్యాంకు పైన నేలలోనే ఇనుప మూత ఉంటుందనీ, అది తెరిస్తే ట్యాంకు దింపక్కర్లేదనీ అన్నాడు. కాకపోతే ఆ మూత ఉన్నది మంచం కింద. మా ఆయన కదల్లేదు. ఆ చెక్కలు చిత్రిక పట్టడానికి ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో నాకు తెలుసు.

"ఇప్పేయరా," అంది అత్తగారు. "మంచానికేటి, మళ్ళీ కట్టుకుంటావు. బండి కదలకపోతే నానెక్కడ తొంగుంటాను?"

ఆయన మేకులు ఊడబెరకడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కి, లత అనే పేటలో విడదీసిన కార్ల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళాను. మెకానిక్ చెప్పిన రకం చెబితే, కొట్టతను నల్లటి పంపొకటి తీసిచ్చాడు.

"ఇది పనిచేస్తుందని ఎలా నమ్మేది?" అని బర్మీస్‌లో అడిగాను.

అతను దానికి బ్యాటరీ తీగలు తగిలించాడు. పంపు జుయ్యిమంది. కొత్తదాని ధరలో మూడో వంతు కూడా కాలేదు. అడ్వాన్సులో చాలా భాగం నా కొంగునే మిగిలింది.

తిరిగొచ్చేసరికి చెక్కలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. మూత తెరిచారు. దొడ్డంతా పెట్రోలు వాసన. అత్తగారు ఆరుబయట పీట మీద దేవుడి పటం పెట్టుకుని అగరొత్తు వెలిగించబోతోంది. మెకానిక్ కేక పెట్టాడు. ఆవిడ అగ్గిపెట్టె చటుక్కున దూరంగా విసిరి, "ఏటనుకోకు సామీ, బండి కదిలాక ఎలిగిత్తాను," అని దేవుడికి చెప్పుకుంది.

పంపు బిగించారు. మా ఆయన తాళం సగం తిప్పి ఆగాడు. లోపల సన్నటి రొద వినిపించింది. పూర్తిగా తిప్పగానే ఇంజను అంటుకుంది. ఆగిపోతుందేమోనని ఆయన కాలు తియ్యకుండా రేజు చేస్తూనే ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. మెకానిక్ ట్యాంకు దింపలేదు గనక ఆ కూలి అడగలేదు. నేను కలిపిచ్చిన టీ తాగి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మేము సందు దాటుతుంటే దుంగల లారీ ఎదురైంది. సంచౌంగ్ వెళ్ళి అడిగితే మా కాబోయే ఇంటాయన, గది ఖాళీ అయ్యేదాకా గోడవారగా వ్యాను ఉంచుకోమన్నాడు. అత్తగారు విప్పిన మంచం చెక్కల పక్కనే చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మా ఆయన బండి ఆపబోయాడు.

"అప్పుడే ఆపకురా. ఇంకొక్క సుట్టు తిప్పు," అంది.

పెట్రోలు సీసాల లెక్కన పోయించుకునే మనిషి, సరేనని బండి బజారు వైపు తిప్పాడు.