ముసునూరు తోటలో రంపం చప్పుడు

నూజివీడులో మామిడి తోటల కాపు కొనే కంపెనీలో హెల్ప్ డెస్క్ పని దయామణిది. రైతుల పనుల టికెట్లు ఏ గ్రూపుకి వెళ్లాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది ఆవిడే. ‘ముసునూరు తోటలు’ అంటే కాయ కోసే గ్రూపు. ‘ముసునూరు తోటలు తొలగింపు’ అంటే ముసలి చెట్లను కొట్టేసే గ్రూపు. గ్రూపు పేరులో ‘ముసునూరు తోటలు’ అన్న రెండు మాటలుంటే చాలని రూల్ పెట్టింది. పేరు మొత్తం సరిపోవాలని పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం కోత మేస్త్రి ఆరోగ్యం ఫోన్ చేశాడు.

“అక్కా, వెంకటకృష్ణారావు గారి తోటలో కాయ కోద్దామని వచ్చాం. ఇక్కడ చెట్లు కొట్టేస్తున్నారేంటక్కా!”

స్క్రీన్ చూసింది. ఒకే టికెట్ రెండు గ్రూపులకీ వెళ్లింది. రంపాలు ఆపించి, రూల్ మార్చి, ఆటోలో ముసునూరు పరిగెత్తింది.

సగం తోట కాయలతో సహా నేల మీదుంది. గాలి నిండా సొన వాసన.

“నిండు కాపు మీదున్న చెట్టుని ఎవడైనా కొట్టమంటాడా? కళ్లు లేవా మీకు?” అని అరిచింది.

“టికెట్ వచ్చిందండీ” అన్నారు రంపాల వాళ్లు.

పక్క వీధిలో అరుగు మీద కూర్చుని ఉన్నాడు తోట యజమాని వెంకటకృష్ణారావు.

“రంపం చప్పుడు వినపడలేదా బాబాయిగారూ?”

“పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నానమ్మా. కాపు అమ్మేశాక, కాయ దిగేదాకా తోట మీది. మధ్యలో వచ్చి అడిగితే ఏం మర్యాద? ఎండుకొమ్మలేగా కొట్టించింది?”