మునెమ్మ చెంబు, నా సీసా

ఆఫీసులో కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి నేను ‘ఉంది’కి బదులు ‘ఉండాది’ అన్నప్పుడల్లా నవ్వుతుంది. బెంగళూరు కాడుగోడిలో మా ఇంట్లో నాలుగు తరాలుగా మాట్లాడుతున్న తెలుగది. ఒళ్లు మండి, ఈ మాట ఇంకా నిండుగా వినిపించే ఊరొకటి చూసి రావాలని పోయిన శనివారం ఆరున్నరకే బస్సెక్కాను. అత్తిబెలె మీదుగా తమిళనాడులోని హోసూరు, అక్కణ్ణుంచి డెంకణీకోట చేరేసరికి పది దాటింది. అక్కణ్ణుంచి కొండ మీది ఊరికి షేర్ ఆటో నలభై రూపాయలు. "ఈ ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడ, బడిలో తమిళం. కోడి మాత్రం అందరికీ ఒకే బాసలో కూస్తాదప్పా" అన్నాడు డ్రైవరు. ఆహా, నా ఊరంటే ఇదీ అనుకున్నాను.

మొదటి ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ నన్ను చూసి లేచింది. పేరు మునెమ్మ. బెంగళూరు నుంచి వచ్చానని చెప్పాను. "ఎండలో వచ్చినావు, కూచో అప్పా" అంటూ ఇత్తడి చెంబుతో నీళ్లు, బెల్లం ముక్క తెచ్చింది. ఏ బోరు నీళ్లో, కడుపు పాడైతే సోమవారం మీటింగు ఏమవుతుందో అని భయపడి, "వద్దవ్వా, నా దగ్గరుండాయి" అని సంచిలోంచి సీసా తీసి గటగటా తాగేశాను. ఆమె చెంబు కింద పెట్టింది. వీధి అవతలి ఇంటికి కేకేసింది.

"రత్నక్కా, బెంగళూరాయన వచ్చుండాడు. మా ఇంట్లో నీళ్లు తాగడంట. మీ ఇంట్లోనించి తెచ్చియ్యక్కా."

"అదేందవ్వా?" అన్నాను.

"వాళ్లు పెద్ద కులమోళ్లు లేప్పా. వాళ్ల చేతి నీళ్లయితే మీలాంటోళ్లు తాగుతారు. ఈడ మాటలు కలిసినాయి గానీ నీళ్లు కలవలేదు" అంది, కోపమేమీ లేకుండా, నాకు సాయం చేస్తున్నట్టు.

ఛీ! సిగ్గుతో చచ్చిపోయాను. కడుపు పాడవుతుందనే వద్దన్నానని చెబుదామంటే అది ఇంకా నీచంగా తోచింది. "తప్పయిపోయింది, ఆ చెంబే ఇయ్యవ్వా" అన్నాను. ఆమె చెంబు ఎత్తి పట్టుకుని, "దోసిలి పట్టు, పైనించి పోస్తా. నువ్వు ముట్టే పని లేదు" అంది. రెండు చేతులా ఆ చెంబు అందుకుని ఖాళీ చేశాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మునెమ్మ నా ముఖం వైపు చూడలేదు.

సోమవారం ఆ అమ్మాయి మళ్లీ నవ్వింది. ఈసారి నాకు కోపం రాలేదు. నా మాటను ఎవరైనా చిన్నచూపు చూస్తే తిరిగి నాలుగు మాటలు అనగలను. మునెమ్మ ఒక్క మాటా అనలేదు, నా కోసం ఎదురింటి నీళ్లు అడిగి పెట్టింది. నాకు కడుపులో ఏమీ కాలేదు కూడా. మీరు ఆ కొండ ఎక్కితే సీసా సంచిలోనే ఉంచండి. గడప దగ్గర ఎవరు చెంబు ఇచ్చినా ముందు చేయి చాచండి.