మేం పారబోసిన జీడిపండ్ల కుండలు

వేసవిలో బస్సు జీడితోటల పక్కగా వెళ్లేటప్పుడు, గింజ తీసుకుని వదిలేసిన పండ్లు గుట్టలుగా కుళ్లుతున్న వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కళింగపట్నంలో మా అమ్మమ్మ ఇంటి వెనక పాక గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

అమ్మమ్మ ఎండుచేపలు అమ్మేది. ఎవరికీ అక్కర్లేని ఆ పండ్లను గంపలకొద్దీ తెచ్చి, పిసికి, ఉప్పేసి, కుండ మూతికి గుడ్డ కట్టి పులియబెట్టేది. పెరుగుకు తోడు వేసినట్టు, పాత కుండలోంచి గరిటెడు పులుపు కొత్తదాంట్లో పోసేది. ఆ తోడు ఆమెకు అత్తగారిచ్చింది. వానాకాలంలో ఎండ మొహం చాటేసినప్పుడు కవళ్లూ నెత్తళ్లూ లాంటి చిన్నచేపలను ఆ పుల్లనీళ్లలో ముంచి ఉప్పు పట్టిస్తే, మళ్లీ ఎండ కాసేదాకా చెడేవి కావు.

నేను అమ్మమ్మ దగ్గరుండి అయిదో తరగతి చదువుతుండగా బడిలో పరిశుభ్రతా వారం పెట్టారు. ఇంట్లో కుళ్లినదేదున్నా పారబోసి రమ్మన్నారు మేస్టారు. నేను శ్రద్ధగల పిల్లను. కుండ ఖాళీ చేసి, బూడిదతో తోమి, బోర్లించాను. బహుమతిగా సబ్బుపెట్టె ఇచ్చారు, సబ్బు లేదు.

నాలుగు రోజులకు ముసురు పట్టింది. అమ్మమ్మ నాలుగు గంపల కవళ్లు దించుకుని కుండ దగ్గరికెళ్లింది.

"ఒసే, ఇందల నీలేటైపోనాయే?"

"కుల్లిపోనాయని పారబోసినాను. మేస్టారు సెప్పినారు."

"ఆయనెప్పుడైనా కవళ్లు ఎండబెట్టినాడేటే?"

"ఆయన సేపలు తినరు అమ్మమ్మా."

కడవెడు పుల్లనీళ్ల కోసం ఆమె వానలో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లోనూ చుక్క లేదు. మా తరగతిలో శ్రద్ధగలవాళ్లు ఇంటికొకరున్నారు. మూడో రోజుకు పురుగులు పడ్డాయి. ఆ ఏటి వానాకాలం వ్యాపారాన్ని వీధి ఆడవాళ్లంతా కలిసి ఇసకలో పాతిపెట్టారు. నన్నెవరూ కొట్టలేదు. మేస్టారు ఎదురుపడితే ఆ ఆడవాళ్లు ఆయనకు నమస్కారమే పెట్టారు. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తోడు పోయాక అమ్మమ్మ ఎన్ని కుండలు పెట్టినా ఆ పులుపు రాలేదు. పులుపులో కుళ్లబెట్టే క్రిములు బతకవని నేను కాలేజీలో మూడేళ్లు చదివి పట్టా పుచ్చుకున్నాను.

మొన్న ఆ వీధికెళ్లాను. కుండల్లేవు, ఆ పుల్లనీళ్ల సంగతి చెప్పగల ముసలివాళ్లూ లేరు. నాతో చదువుకున్న అప్పలమ్మ పొట్లం విప్పి చేపల మీద తెల్లపొడి చల్లుతోంది. ఒక ఈగ వాలింది, వాలినచోటే ఉండిపోయింది.

"ఏటే అది?"

"ఏదో మందు. పేరెవులికి తెల్సు? పురుగు మాత్రం పట్టదు."

"తినొచ్చేటే మరి?"

"మేం తినంలే," అంది, నన్ను ఊరడిస్తున్నట్టు. "ఇయ్యన్నీ అమ్మకానికే."